కుడి పక్క పిల్లోడు

మా పేరేసంద్రలో హాకీ ఆడేవాళ్ళు లేరు. కబడ్డీ ఉంది, వాలీబాల్ ఉంది, శెనక్కాయ పీకేసిన చేలల్లో క్రికెట్ ఉంది. హాకీ మాత్రం శనివారం రాత్రి బెంగుళూరు నుంచి బాగేపల్లి బస్సులో మా మామతో పాటు దిగేది.

ఆయన మా అమ్మ తమ్ముడు. బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో టర్నరు. అద్దెకున్న గదికి అక్కితిమ్మనహళ్ళి హాకీ మైదానం నడిచిపోయేంత దగ్గర. షిఫ్టు దిగి నేరుగా గ్యాలరీకి పోయేవాడు. ఎం.ఇ.జి., ఎ.ఎస్.సి., హెచ్.ఎ.ఎల్., కెనరా బ్యాంకు - ఎవరాడినా ఒకటే, ఆట ఉంటే చాలు. పేరేసంద్ర క్రాసులో దిగేటప్పటికి చొక్కాకు మిషను నూనె వాసన, చేతిలో సంచి, మాట అప్పటికే మొదలై ఉండేది. అమ్మ ముద్ద మీద బస్సారు పోసి "తినప్పా ముందు" అంటే, ముద్దను వేళ్ళతో రెండుగా చీల్చి, ఇది లెఫ్ట్ బ్యాకు, ఇది రైట్ బ్యాకు అని నాకు చూపించేవాడు. అమ్మకు కోపం. నాకు నవ్వు. అప్పుడు నాకు ఎన్నేళ్ళో గుర్తు లేదు గానీ, తట్టలోని ముద్ద మాత్రం కండ్లకు కట్టినట్టే ఉంది.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదివినవాళ్ళం. ఆటల కబుర్లు ప్రజావాణి చివరి పేజీల్లో చదివి, తెలుగులో కొట్లాడుకునేవాళ్ళం. మామకు ఇద్దరంటే ప్రాణం. ఒకడు ధనరాజ్ పిళ్ళై, ఇంకొకడు హైదరాబాదు ముకేష్ కుమార్. "మన భాష పిల్లోడురా, మూడు ఒలింపిక్సు ఆడినాడు" అని ముకేష్ గురించి చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారేది. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, 2000 సిడ్నీ. మూడింటిలోనూ మనకు పతకం లేదు. 1998లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో వాళ్ళిద్దరూ ఉన్న జట్టు కొరియాను ఓడించి బంగారం తెచ్చిన రోజు మామ ఊళ్ళో అందరికీ మైసూర్‌పాక్ పంచాడని అమ్మ చెబుతుంది. నాకు ఆ తీపి గుర్తు లేదు.

ఆయన ఎప్పుడూ ఒక్కడి గురించి మాట్లాడేవాడు కాదు. ధనరాజ్ గొప్పోడే, కానీ పక్కన ఎవరుంటే గొప్పోడు? బంతి ఆయనకు ఎంత తొందరగా అందితే గొప్పోడు? ఈ ప్రశ్నలు నాకు అప్పట్లో విసుగు. గోల్ ఎవడు కొట్టినాడో చెప్పు మామా, చాలు, అనేవాణ్ణి.

2007లో మా తాలూకాలు కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపుర జిల్లా అయినాయి. కొత్త జిల్లా ఆఫీసులు ఎక్కడ కడతారు, ఎవరి భూములు పోతాయి, ఎవరికి ధర వస్తుంది - టీ అంగడి దగ్గర అందరికీ అదే మాట. ఆ సెప్టెంబరులోనే మామ, నేను చెన్నై పోయినాం, ఏషియా కప్ చూసేదానికి. నాకు కొత్తగా ఉద్యోగం, చేతిలో జీతం డబ్బులు. ఎగ్మూరు పక్క మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం. నీళ్ళు చల్లిన టర్ఫ్ నుంచి ఎండకు లేచే ఒక రబ్బరు వాసన ఉంటుంది. అది మొదటిసారి పీల్చింది అక్కడే. ఇప్పటికీ ఏ మైదానం పక్కన పోతున్నా ఆ వాసన తగిలితే చెన్నైయే.

మ్యాచికి ముందు ఆటగాళ్ళు ఒళ్ళు వేడి చేసుకుంటుంటే మామ నా మోచేతిని గిల్లినాడు.

"అదో, ఆ కుడి పక్క గీత మీద ఉరుకుతాండాడే, ఆ సన్నపిల్లోణ్ణి చూడు. సోమవారపేట వాడు. మన కొడగు."

కొడగు మనది ఎప్పుడయింది అని నేను అడగలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్లోడు, ఎస్.వి. సునీల్. ఇండియా జట్టులోకి అప్పుడే వచ్చినాడు. 1972 మ్యూనిక్‌లో కంచు తెచ్చిన జట్టులోనూ, 1975లో ప్రపంచ కప్ గెలిచిన జట్టులోనూ ఆడిన ఫార్వర్డ్ బి.పి. గోవింద కూడా ఆ సోమవారపేట వాడే. మామకు అదొక లెక్క. ఒక ఊరి నీళ్ళు రెండుసార్లు అబద్ధమాడవని ఆయన నమ్మకం.

"బంతిని చూడొద్దు. పది నిమిషాలు వాణ్ణొక్కణ్ణే చూడు" అన్నాడు.

నేను చూడలేదు. చూద్దామనే అనుకున్నాను, కానీ బంతి ఎటు పోతే నా తల అటు తిరిగిపోయింది. ఫైనల్లో కొరియా మీద 7-2తో గెలిచాం. గోల్ పడినప్పుడల్లా లేచి అరిచాను. ఆ సన్నపిల్లోడు ఎంతసేపు ఆడినాడో, ఏం చేసినాడో నా జ్ఞాపకంలో లేదు. రాత్రి రైల్లో మామ వాడి గురించే మాట్లాడుతుంటే ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటూ ఊఁ కొట్టినాను. ఇప్పుడు ఆ పది నిమిషాలు మళ్ళీ ఇప్పిస్తామంటే, ఏమడిగినా ఇస్తాను.

ఆరునెలలు తిరిగేసరికి 2008 మార్చిలో శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 2-0తో ఓడిపోయి బీజింగ్ ఒలింపిక్స్‌కు పోలేకపోయాం. ఎనభై ఏళ్ళలో మొదటిసారి ఇండియా లేని ఒలింపిక్ హాకీ. ఆ వారం మామ పేరేసంద్రకు రాలేదు.

తర్వాతి సంవత్సరాల్లో మా వాదనలు అసలు మొదలైనాయి. మామ రిటైరై ఊరికి వచ్చేశాడు, ఒకటిన్నర ఎకరంలో రాగి, కొంచెం మల్బరీ. నేను యలహంకలో ఉంటూ వారం చివర వచ్చేవాణ్ణి. హైవేని వెడల్పు చేస్తున్న కాలమది. పాత ఏడో నంబరు రోడ్డు పక్కన ఉన్న చింతచెట్లు పోయినాయి, టీ అంగడి రెండుసార్లు వెనక్కి జరిగింది. ఆ దుమ్ములోనే కూచుని ఇండియా కుడి వింగ్ గురించి కొట్లాడినవాళ్ళం ముగ్గురం. మామ, నేను, బాగేపల్లి దగ్గర ఒక హైస్కూల్లో పనిచేసే పి.టి. మేష్టరు. మేష్టరు బడిలో నీలగిరి కొమ్మలు వంచి పిల్లలతో హాకీ ఆడించేవాడు. నిజమైన కర్రలు కొనిచ్చే దాత ఎవరూ దొరకలేదు. సునీల్ కూడా చిన్నప్పుడు వెదురు కర్రతోనే ఆడినాడని పేపర్లో చదివినప్పటినుంచి మేష్టరు అతని పక్షం.

నా పక్షం వేరు. నేను టీవీలో చూసేవాణ్ణి. టీవీలో సునీల్ నాకు ఎట్ల కనపడేవాడంటే - బంతి అందుతుంది, తల దించుకుని గీత వెంబడి ఉరుకుతాడు, ఆ ఉరుకుడుకు ఎదుటి బ్యాక్ వెనకబడతాడు, అంతా బాగుంది, కడకు మూలకు చేరుతాడు. అక్కడ దారి మూసుకుపోతుంది. బంతి గీత దాటి బయటికి పోతుంది, లేదంటే డీలో ఎవరూ లేని చోటికి క్రాస్ పోతుంది. ఎన్నిసార్లు చూసినా ఇంతే. "వేగం తప్ప ఏముంది మామా? వంద మీటర్ల పందెంలో పెట్టాల్సిన వాడు" అనేవాణ్ణి. గట్టిగా అనేవాణ్ణి, పక్క బెంచీ వాళ్ళు తిరిగి చూసేటట్టు. ఆ వయసులో గొంతు పెంచితే మాటకు బలం వస్తుందనుకునే వాణ్ణి.

మామ తొందరపడేవాడు కాదు. టీ గ్లాసును బల్ల మీద జరిపి చూపించేవాడు. "మూలకు పోయినాడంటే తప్పు వాడిదే అనుకోవద్దు. ఇరవై అయిదు గజాల గీత దగ్గర లోపలికి తిరగాల. తిరిగితే బంతి ఎవరికియ్యాల? ఆడ ఎవడన్నా ఉండాడా? వాడు ఉరికినంత వేగంగా వాడి పక్కనోడు రాకుంటే, వాడు మూలకు గాక యాడికి పోతాడు?"

ఆఫ్‌సైడ్ తీసేసినప్పటినుంచి ఆట మారిపోయిందని కూడా ఆయన చెప్పేవాడు. అంతకు ముందు ఫార్వర్డ్ ఎదుటివాళ్ళ బ్యాకుల్ని కనిపెట్టుకుని నిలబడాలి. నియమం పోయినాక గోల్‌కీపర్ పక్కన పోయి నిలబడినా అడిగేవాడు లేడు. మైదానం పొడవు పెరిగినట్టయింది. వెనకనుంచి పొడుగు పాస్ వేస్తే అందుకునే కాళ్ళు కావాలి. ఆ కాళ్ళు సునీల్‌కు ఉన్నాయి. అయితే పాస్ వేసేవాడు చూపు ఎత్తగానే వెయ్యాలి, రెండు క్షణాలు ఆలోచించి వేస్తే ఎంత వేగమున్నా పనికిరాదు. మిడ్‌ఫీల్డర్ సర్దార్ సింగ్ ఎడమనుంచి కుడికి అడ్డంగా వేసే పాస్ చూసి ఆయన "ఇదీ" అని తొడ కొట్టేవాడు. సునీల్ గొప్పతనంలో సగం సర్దార్ కండ్లదని వాదన. మిగతా సగం ఎవరిది అన్నదే మా ముగ్గురికీ తెగని తగువు.

2012 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఫ్రాన్సును 8-1తో కొట్టి లండన్‌కు టికెట్టు సంపాదించినప్పుడు టీ అంగడాయన డబ్బులు తీసుకోలేదు. ఆగస్టుకు ఆ సంతోషం ఏమీ మిగల్లేదు. లండన్‌లో నీలం టర్ఫ్ మీద ఒక్క మ్యాచీ గెలవలేదు, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. ఆ ఎండాకాలం మా వైపు బోర్లు ఎండిపోయినాయి. వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వస్తోందని ఊరంతా ఏడుస్తుంటే హాకీ గురించి నోరెత్తడానికి సిగ్గనిపించింది. అయినా మేష్టరు వచ్చినాడు, కూచున్నాడు, మెల్లగా "సునీల్ పక్కన శివేంద్ర గాకుండా ఇంకెవరైనా ఉండింటే..." అన్నాడు. మామ చెయ్యి అడ్డం పెట్టినాడు. ఆ రోజు మాట అక్కడికే.

2014కు కొత్త ముఖాలు కుదురుకున్నాయి. ఆకాశ్‌దీప్, రమణ్‌దీప్, మన్‌దీప్ - పంజాబు పిల్లోళ్ళు. అక్టోబరు 2న ఇంచియాన్‌లో పాకిస్తాన్‌తో ఏషియన్ గేమ్స్ ఫైనల్. 1-1, ఆ తర్వాత షూటౌట్‌లో 4-2. గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపిన బంతుల గురించి దేశమంతా మాట్లాడింది. పదహారేళ్ళ తర్వాత బంగారం, నేరుగా రియోకు దారి. గాంధీ జయంతి సెలవు, మా ఇంట్లోనే టీవీ ముందర పది పన్నెండు మంది. అందరూ శ్రీజేష్ అని అరుస్తుంటే మామ ఒక్కడే, "సునీల్ ఇప్పుడు లోపలికి తిరుగుతాండాడు, చూస్తివా?" అని నన్నడిగినాడు. నేను చూడలేదు. చూసినానని చెప్పినాను.

ఆ ముగ్గురు పంజాబు పిల్లోళ్ళలో సునీల్ పక్కన ఎవరు సరి? మేష్టరు రమణ్‌దీప్ అనేవాడు. ఎంత చాకిరీ అయినా చేస్తాడు, బంతి పోతే వెంటబడి తెస్తాడు, సునీల్ ముందుకు పోయినప్పుడు ఖాళీ అయిన చోటును కాస్తాడు. మామ ఆకాశ్‌దీప్ అనేవాడు. బంతిని కర్రకు అతికించుకున్నట్టు పట్టుకుంటాడు, ఇద్దరు ముగ్గుర్ని మీదికి పిలుచుకుంటాడు, అప్పుడు సునీల్‌కు కుడి పక్క బాట తెరుచుకుంటుంది. నేను మన్‌దీప్ అన్నాను. డీలో మన్‌దీప్ ఉంటే సునీల్ మూలనుంచి ఎట్ల కొట్టినా దానికి ఒక కర్ర తగులుతుంది. అన్ని క్రాసులు ఎవరూ లేని చోటికి పోతున్నాయన్నది నా పాత ఫిర్యాదు కదా, దానికి మందు మన్‌దీప్. ఆ సరదా ఇప్పుడు చెబితే నవ్వు రావచ్చు గానీ, పెండ్లి సంబంధం మాట్లాడినంత పట్టుదలగా మాట్లాడేవాళ్ళం. మామకు ఇంకో బాధ కూడా ఉండేది: ఇప్పుడు ఫార్వర్డులు అయిదారు నిమిషాలకొకసారి మారిపోతుంటారు, బెంచీకి పోతారు, వస్తారు. జోడీ కుదిరేలోపల ఒకడు బయట. "కలిసి కూచుని ముద్ద తినందే ఎట్ల తెలుస్తుందిరా ఒకడికొకడు?" అనేవాడు.

2016లో రియోకు ముందు జట్టు క్యాంపు బెంగుళూరులోనే, జ్ఞానభారతి దగ్గర సాయ్ కేంద్రంలో. అక్కడ క్యాంటీన్లో పనిచేసే తెలిసినాయన ఒకరు మమ్మల్ని లోపలికి తీసుకుపోయినాడు. అదే సంవత్సరం శాశ్వత నీరావరి కోసం, అంటే ఎప్పటికీ ఉండే సాగునీటి కోసం, మా జిల్లా ట్రాక్టర్లు బెంగుళూరు వైపు కదిలినాయి. మామ కూడా పోయొచ్చినాడు, మోకాలికి దెబ్బ తగిలించుకుని. అందుకని నా భుజం పట్టుకుని కుంటుతూ నడిచి, కంచె పక్కన ఒక రాయి చూసుకుని కూచున్నాడు.

వాళ్ళలో వాళ్ళు రెండు జట్లుగా ఆడుకుంటున్నారు. గోల్ లెక్క ఎవరూ పెట్టడం లేదు, కేక వేసేవాళ్ళు లేరు, కెమెరా లేదు. ఆ రోజు సునీల్‌నొక్కణ్ణే చూసినాను. మామ చెప్పకుండానే.

బంతి ఎడమ పక్క, ఎక్కడో దూరంగా ఉంటుంది. టీవీ అయితే అక్కడే ఉంటుంది. ఇక్కడ కుడి పక్క సునీల్ ఉరుకుతున్నాడు. బంతి రాదని అతనికి తెలుసు. అయినా ఉరుకుతున్నాడు, భుజం మీదుగా వెనక్కి చూసుకుంటూ. ఎదుటి బ్యాక్ అతని వెంట పోవాలి, పోకుంటే ప్రమాదం. ఇంకొకడు వాడికి తోడు జరుగుతాడు. నడుమ తలుపంత సందు ఏర్పడుతుంది. ఆ సందులోకి ఆకాశ్‌దీప్ వచ్చి బంతి అందుకుంటాడు. సునీల్ ఆగి, వెనక్కి నడిచి, మళ్ళీ మొదలు. ఒకసారి, రెండుసార్లు కాదు, ఆ సాయంత్రమంతా. ఎదుటివాళ్ళు బంతి లాక్కుంటే అదే వేగంతో వెనక్కి వచ్చి సొంత ఇరవై అయిదు గజాల గీత దగ్గర కర్ర అడ్డం పెట్టేవాడు. దగ్గరనుంచి వింటే అతని ఊపిరి వినపడేది, బూట్ల కింద నీళ్ళు చిమ్మే చప్పుడు వినపడేది.

పాస్ రానప్పుడు ఒక్కసారి కూడా చెయ్యెత్తి కోప్పడలేదు.

మామ ఏమీ అనలేదు. నా వైపు చూడను కూడా లేదు. చొక్కా జేబులోనుంచి బీడీ తీసి, ఎక్కడున్నామో గుర్తొచ్చి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. జీవితమంతా గ్యాలరీలో కూచున్న మనిషికి మైదానమంతా ఒక్కసారే కనపడుతుంది. నాకు తెర చూపించినంతే కనపడేది. ఆయన, నేను అన్నేళ్ళు ఒకే మ్యాచి గురించి వాదించుకోలేదు, రెండు వేర్వేరు మ్యాచుల గురించి వాదించుకున్నామని వెనక్కి వస్తూ బస్సులో అనుకున్నాను. ఆ మాట ఆయనతో అనలేదు. కెంగేరి దగ్గర ట్రాఫిక్‌లో ఆయన నిద్రపోయినాడు.

ఆ జూన్‌లోనే లండన్‌లో ఛాంపియన్స్ ట్రోఫీలో వెండి. ఫైనల్లో ఆస్ట్రేలియాను గోల్ కొట్టనియ్యకుండా నిలబెట్టి షూటౌట్‌లో పోగొట్టుకున్నాం. రియో జట్టులో కర్ణాటక నుంచి నలుగురు: రఘునాథ్, ఉత్తప్ప, నిక్కిన్ తిమ్మయ్య, సునీల్. నలుగురూ కొడగు వాళ్ళు. మన్‌దీప్ లేడు. మా టీ అంగడిలో నేను ఒంటరినయ్యాను. జర్మనీతో మ్యాచి ముగియడానికి మూడు సెకన్ల ముందు గోల్ ఇచ్చుకున్నాం. క్వార్టర్ ఫైనల్లో బెల్జియం మీద ముందు ఆకాశ్‌దీపే గోల్ కొట్టినాడు, మామ గెలిచినట్టు నా వైపు చూసినాడు. ఆ తర్వాత బెల్జియం మూడు కొట్టింది. టీవీ ఆపేసినాక మేష్టరు సైకిలు తీసుకుని ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయినాడు. ఏషియాలో ఉత్తమ ఆటగాడని ఆ యేటికి సునీల్‌నే ఎంచినారు, మరుసటి యేడు అర్జున కూడా వచ్చింది. పేపరు కత్తిరించి మామ గోడకు అంటించినాడు, క్యాలెండరు పక్కన.

2018లో మోకాలు చెడి సునీల్ భువనేశ్వర్ ప్రపంచ కప్‌కు లేకుండా పోయినాడు. ఇంటి ముందరి మైదానంలో జరిగే ప్రపంచ కప్. ఆ డిసెంబరు నేను మ్యాచులు చూసినానో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను. టోక్యోకు పోయే జట్టు ప్రకటించినప్పుడు కూడా పేరు లేదు. కరోనా కాలం. ఊరికి నేను పోవడం తగ్గింది, మేష్టరు ఆ మే నెలలోనే పోయినాడు. చూసేదానికి నన్ను రానియ్యలేదు. ఆగస్టు 5 పొద్దున జర్మనీని 5-4తో ఓడించి నలభై ఒక్క ఏళ్ళ తర్వాత పతకం వచ్చినప్పుడు, మామ ఫోన్లో ఏడ్చినాడు. సంతోషంలో ఎంత భాగం, మేష్టరు లేడన్న దుఃఖం ఎంత భాగం, సునీల్ లేడన్న వెలితి ఎంత భాగం - ఏడ్పుకు లెక్క ఉంటుందా.

అక్టోబరు 1న సునీల్ రిటైరైనట్టు వార్త. 264 మ్యాచులు, 72 గోల్స్. ఆ ఆదివారం పేరేసంద్ర పోయినాను. పేపరులో ఆ అంకెలు చూపిస్తే మామ అద్దాలు సర్దుకుని చాలాసేపు చూసినాడు.

"డెబ్బై రెండు వాడు కొట్టినవి. వాడు ఉరికినందుకు ఇంకొకడు కొట్టినవి ఎన్నో ఎవడన్నా రాసి పెట్టినాడా?"

ఎవరూ రాసిపెట్టలేదు మామా అన్నాను.

అప్పుడు మేష్టరు మాటకు విలువిచ్చి, ఇన్నేళ్ళకు మొదటిసారి తన జాబితా మార్చినాడు. అరుగు మీద సుద్దతో గీసినాడు: ఎడమ పక్క రమణ్‌దీప్, నడుమ ఆకాశ్‌దీప్, కుడి పక్క సునీల్. వెనక సర్దార్.

"నడుమ మన్‌దీప్" అన్నాను నేను.

"మన్‌దీపు బంతి ఎవరికిస్తాడురా?"

"ఎవరికీ ఇయ్యడు మామా. గోల్లోకి కొడతాడు."

సుద్ద నా చేతిలో పెట్టి, "గీయి, చూస్తాం" అన్నాడు.